తిరగేసిన ఓడ ముక్కు: 1:64 నమూనా ప్రాజెక్టు డైరీ

తేల్చాల్సింది ఒక్కటే. హల్ (ఓడ ఒళ్ళు) అంతా అలాగే ఉంచి ముక్కు (ముందరి కొస) మాత్రం మారిస్తే ఎదురు అలల్లో ఓడకి ఏం మారుతుంది, ఏం మారదు?

నార్వేకి చెందిన ఉల్‌స్టైన్ సంస్థ 2005లో, పైకి పోయేకొద్దీ వెనక్కి వాలే ముక్కుని, అంటే ఎక్స్‌-బోను బయటపెట్టింది. 2006లో బూర్బోన్ ఓర్కా అనే యాంకర్ హ్యాండ్లింగ్ (రిగ్గుల లంగర్లు దించి ఎత్తే) ఓడ ఆ ముక్కుతో సముద్రంలోకి వచ్చింది. అప్పటి నుంచి వెనక్కి వాలిన ముక్కు గురించి మూడు మాటలు కలిపి చెబుతుంటారు: ఊగదు, దెబ్బలు తినదు, ఇంధనం మిగులుతుంది. నిజానికి ఈ మూడూ వేర్వేరు సంగతులు. ఊపును ముఖ్యంగా ఓడ పొడవు, బరువు ఎక్కడెక్కడ ఉందన్నదీ నిర్ణయిస్తాయి. దెబ్బ అంటే ముక్కు నీళ్ళలోకి దిగేటప్పుడు తగిలే స్లామింగ్. ఇంధనం లెక్క అలల వల్ల అదనంగా వచ్చే నిరోధానిది. అందుకే మూడింటినీ విడివిడిగా కొలిచేలా ఏర్పాటు చేశాం.

స్కేలు

లెక్కకి తీసుకున్నది 80 మీటర్ల పొడవు, 18 మీటర్ల వెడల్పు, 6 మీటర్ల డ్రాఫ్ట్ (నీళ్ళలో మునిగే లోతు) ఉన్న ఆఫ్‌షోర్ సప్లై ఓడ. బ్లాక్ కోఎఫిషియంట్ (ఈ మూడు కొలతల పెట్టెలో మునిగిన ఒళ్ళు నింపే వంతు) 0.68. మునిగిన ఘనపరిమాణం సుమారు 5,875 ఘనపు మీటర్లు.

స్కేలు 1:64. ఇంగ్లీషు ఇంజనీరు విలియం ఫ్రూడ్ 1870లలో ఇంగ్లండ్‌లోని టార్కీలో తొట్టి కట్టి నమూనాలు లాగిన రోజుల నుంచి సూత్రం మారలేదు: పొడవు ఎన్ని రెట్లు తగ్గితే, వేగమూ కాలమూ దాని వర్గమూలం అన్ని రెట్లు తగ్గాలి. 64కి వర్గమూలం 8, కాబట్టి లెక్కలన్నీ నోటితో చెప్పేయొచ్చు. త్వరణానికి మాత్రం మార్పు లేదు, నమూనాలో అర జీ (జీ అంటే భూమ్యాకర్షణ త్వరణం) వస్తే అసలు ఓడలోనూ అర జీయే. బలానికి 64 ఘనం, అంటే 2,62,144 రెట్లు. తొట్టిలో మంచినీళ్ళు, సముద్రంలో ఉప్పునీళ్ళు కాబట్టి దాన్ని ఇంకో 1.025తో గుణించాలి.

నమూనా పొడవు 1.25 మీటర్లు, వెడల్పు 281 మి.మీ., డ్రాఫ్ట్ 94 మి.మీ., బరువు 22.4 కిలోలు. 10 నాట్ల వేగం ఇక్కడ సెకనుకి 0.643 మీటర్లు అవుతుంది.

చిన్న నమూనాకి ఒక జబ్బు ఉంది, ముందే చెప్పుకోవాలి. ఈ వేగంలో రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహంలో జడత్వానికీ జిగటకీ ఉన్న నిష్పత్తి) 8 లక్షల దగ్గర ఉంటుంది, అసలు ఓడకైతే సుమారు 35 కోట్లు. 1957 ఐటీటీసీ (నమూనా తొట్టిల అంతర్జాతీయ సమావేశం) సూత్రం ప్రకారం ఘర్షణ గుణకం నమూనాకి 0.0049, ఓడకి 0.0017-0.0018 మధ్య. పైగా ముక్కు దగ్గర ప్రవాహం సుడులు లేకుండా, పొరలు పొరలుగా, అంటే లామినార్‌గా ఉండిపోయే ప్రమాదం ఉంది. అందుకని నిశ్చల జలాల్లో ఏ ముక్కు మెరుగన్న ప్రశ్నని ఈ నమూనాని అడగకూడదు. అలల్లో నిరోధం, నిశ్చల జలాల్లో నిరోధం, ఈ రెండింటి తేడాని అడగొచ్చు. తీసివేతలో ఘర్షణ వాటా చాలామటుకు కొట్టుకుపోతుంది.

మూడు ముక్కులు

ముందరి 375 మి.మీ. (పొడవులో 30 శాతం) ఊడదీసి మార్చుకునే భాగం.

పాత ముక్కు: కింద బల్బు (నీళ్ళలో ముందుకి పొడుచుకొచ్చే ఉబ్బు), పైన 40 డిగ్రీల ఫ్లేర్ (పైకి పోయేకొద్దీ బయటికి వాలే పక్కలు). నీటిమట్టం దగ్గర ప్రవేశ కోణం (నడిమి గీతతో ముక్కు పక్క చేసే కోణం) ఒక్కో వైపు 32 డిగ్రీలు.

తిరగేసిన ముక్కు: అన్నిటికన్నా ముందున్న బిందువు నీటిమట్టానికి కొంచెం పైన. అక్కడి నుంచి స్టెమ్ (ముక్కు ముందరి అంచు) వెనక్కి వాలుతూ ఎత్తుకి పోతుంది. ఫ్లేర్ లేదు. ప్రవేశ కోణం 20 డిగ్రీలు. పైన తెరిచిన డెక్ ఉండదు, ఓడ నడిపే గది అయిన వీల్‌హౌస్ దాకా మూసిన గోడే.

నిలువు ముక్కు: ఫ్లేర్ లేకుండా స్టెమ్ నిటారుగా నిలబెట్టి, డెక్ ఎత్తు పాత ముక్కుకి సమానంగా ఉంచినది. ఫ్లేర్ తీసేసి బదులు ఎత్తు ఇవ్వకపోతే ఏమవుతుందో చూడటానికే ఇది.

యాక్స్-బోను కావాలనే పక్కన పెట్టాం. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ విశ్వవిద్యాలయంలో కోనింగ్ బృందం రూపుదిద్దిన ఆ ఆకారం సన్నగా, పొడుగ్గా, వేగంగా పోయే పడవల కోసం. ముక్కు కింది కొస, అంటే ఫోర్‌ఫుట్ కిందికి దిగుతుంది, డెక్ పైకి లేస్తుంది, పక్కలు నిలువుగా ఉంటాయి. పొడవు-వెడల్పు నిష్పత్తి 4.4 ఉన్న ఈ బండ హల్‌కి దాన్ని తగిలించి మార్కులేస్తే అది యాక్స్-బో పరీక్ష అనిపించుకోదు.

గీతలు గీసేటప్పుడు విడవకూడని నియమం: మూడు ముక్కుల్లోనూ నీటిమట్టం కింద ఘనపరిమాణం సమానంగా ఉండాలి, దాని కేంద్రం పొడవులో ఒకే చోట పడాలి. బల్బు తీసేస్తే చాలా ఘనపరిమాణం పోతుంది. దాన్ని భర్తీ చేయకుండా వదిలేస్తే నమూనా ముందుకి ఒరుగుతుంది, దాన్ని సరిచేయడానికి బరువులు వెనక్కి జరుపుతారు, ఆ తర్వాత కొలిచేది ముక్కు ఆకారాన్ని కాదు, బరువుల అమరికని. తిరగేసిన ముక్కులో బల్బు ఘనపరిమాణాన్ని స్టెమ్ కింది భాగంలోనూ, దాని వెనకున్న సెక్షన్లలోనూ పంచాం. తేడా 20 మి.లీ. లోపుకి వచ్చేదాకా గీతలు దిద్దాం.

హల్, ముక్కుల తయారీ

వెనక 875 మి.మీ. భాగానికి 30 మి.మీ. ఎక్స్‌పీఎస్ ఫోమ్ పలకలు ఐదు. ఒక్కో పలకకి పైనా కిందా 3 మి.మీ. ప్లైవుడ్ టెంప్లేట్లు పెట్టి వేడి తీగతో కోసి, ఒకదానిపై ఒకటి అతికించాం. మెట్లు పోయేదాకా 80 నంబరు ఎమెరీ కాగితం. పైన 160 గ్రాముల గ్లాస్ క్లాత్ రెండు పొరలు, ఎపాక్సీతో. పాలిస్టర్ రెజిన్ చవక కదా అని వాడితే అందులోని స్టైరీన్ ఫోమ్‌ని కరిగించి గుంటలు చేస్తుంది. లోపల 25 మి.మీ. గోడ ఉంచి మిగతాది తొలిచేశాం, బరువులకీ పరికరాలకీ చోటు కావాలి.

ముక్కులు 3డీ ప్రింటర్‌తో పీఈటీజీ ప్లాస్టిక్‌లో తీసిన ప్రింట్లు: 0.2 మి.మీ. పొర, నాలుగు గోడలు, లోపలి ఖాళీని 15 శాతం నింపే ఇన్‌ఫిల్. 375 మి.మీ. ఒకేసారి మామూలు ప్రింటర్‌లో పట్టదు కాబట్టి మధ్యలో రెండు ముక్కలుగా కోసి, 4 మి.మీ. కార్బన్ కడ్డీలు గుచ్చి ఎపాక్సీతో అతికించాం. ప్రింటు పైకి ఎంత గట్టిగా కనిపించినా పొరల మధ్య నుంచి నీళ్ళు లోపలికి చేరతాయి. ఇన్‌ఫిల్ ఖాళీలు నిండితే ముక్కు బరువు పరుగు పరుగుకీ మారిపోతుంది. పల్చటి ఎపాక్సీ రెండు పూతలు వేసి 120, 240, 400 వరుసలో రుద్దాలి. తర్వాత గంటసేపు నీళ్ళలో ముంచి తూచాలి. 5 గ్రాములకి మించి పెరిగితే ఇంకో పూత తప్పదు.

జాయింటులో రెండు వైపులా 6 మి.మీ. మెరైన్ ప్లై బల్క్‌హెడ్లు, నాలుగు ఎం5 స్టెయిన్‌లెస్ బోల్టులు, చోటు తప్పకుండా రెండు 8 మి.మీ. డోవెల్ పిన్నులు. ముఖమంతా పరిచే 3 మి.మీ. రబ్బరు గ్యాస్కెట్ ఇక్కడ పనికిరాదు. పై బోల్టు ఒక చుట్టు ఎక్కువ బిగిస్తే రబ్బరు అర మి.మీ. ఎక్కువ నొక్కుకుంటుంది, ముక్కు కొస ఒక మి.మీ. దాకా పైకో కిందికో పోతుంది. గాడి తీసి 3 మి.మీ. ఓ-రింగ్ తాడు కూర్చోబెడితే రెండు ప్లై ముఖాలూ నేరుగా ఆనుకుంటాయి, ఎంత బిగించినా కోణం కదలదు. బయట కీలు మీద వినైల్ టేపు.

ప్రవాహాన్ని టర్బులెంట్ (సుడులు తిరిగేలా) చేయడానికి స్టెమ్‌కి 62 మి.మీ. వెనక, స్టెమ్ గీతకి సమాంతరంగా, 3 మి.మీ. వ్యాసం 2.5 మి.మీ. ఎత్తు ఉన్న బొడిపెలు, 25 మి.మీ.కి ఒకటి. తిరగేసిన ముక్కుకి స్టెమ్ గీత వేరు కాబట్టి బొడిపెల వరుస కూడా వాలుగా పోతుంది. పాత ముక్కు మీది గుర్తులనే దీనికీ దించితే పోలిక చెడుతుంది.

బరువు, గైరేషన్

ముక్కులు మూడూ తూకంలో 1,650 గ్రాములకి తెచ్చాం, తక్కువైన దానిలో సీసం ముక్కలు అతికించి. ముక్కు గురుత్వ కేంద్రానికి అర మీటరు దూరంలో ఉంటుంది. అక్కడ 100 గ్రాములు తేడా వస్తే మొత్తం ఓడ గురుత్వ కేంద్రం 2 మి.మీ. పైచిలుకు జరిగి, ట్రిమ్ (ముందూ వెనకా మునిగే లోతుల తేడా) ఇంకో 2 మి.మీ. మారుతుంది.

బరువు సరిపోతే చాలదు, అది పొడవునా ఎలా పరుచుకుందన్నది ముక్కు పైకీ కిందికీ ఊగే పిచింగ్‌ని శాసిస్తుంది. గైరేషన్ వ్యాసార్థం (బరువు కేంద్రం నుంచి ఎంత దూరంలో పరుచుకుందో చెప్పే కొలత) పొడవులో 25 శాతం, అంటే 312 మి.మీ. రావాలి. తనిఖీకి నమూనాని రెండు తాళ్ళతో వేలాడదీశాం: తాడు పొడవు 2 మీటర్లు, గురుత్వ కేంద్రానికి అటూ ఇటూ 400 మి.మీ. దూరంలో ముడి. చేత్తో కొంచెం మెలితిప్పి వదిలితే ఒక ఊగుకి 2.22 సెకన్లు పట్టాలి, ఇరవై ఊగులకి 44.3. తక్కువ పడితే సీసం కడ్డీలని చివరలకి జరపాలి, ఎక్కువైతే నడిమికి. ఈ పద్ధతి కొలిచేది పడవ అడ్డంగా తిరిగేటప్పటి గైరేషన్‌నే, కానీ పొడవైన హల్‌కి పిచ్ గైరేషన్ దానికి దాదాపు సమానం. ముక్కు మార్చిన ప్రతిసారీ ఈ తనిఖీ మళ్ళీ చేయాల్సిందే. విసుగు పుట్టించే పనే, దీన్ని ఎగ్గొట్టి తీసిన గ్రాఫులకి మాత్రం విలువ లేదు.

తొట్టి, అలలు

చెక్క ఫ్రేమ్, చెరువుల్లో పరిచే లైనర్. 12 మీటర్ల పొడవు, 2 మీటర్ల వెడల్పు, నీటి లోతు 80 సెం.మీ. పట్టేది 19,200 లీటర్లు. అల పొడవులో సగానికన్నా లోతు ఎక్కువ ఉంటేనే లోతైన సముద్రపు అలలాగా నడుస్తుంది, కాబట్టి 1.6 మీటర్లకి మించిన అలని ఈ తొట్టిలో నమ్మకూడదు.

రెండు అలలు ఎంచుకున్నాం. పెద్దది 1.5 మీటర్ల పొడవు, 62 మి.మీ. ఎత్తు, 0.98 సెకన్ల పీరియడ్ (ఒక అల దాటడానికి పట్టే కాలం). అసలు సముద్రంలో ఇది 96 మీటర్ల పొడవు, 4 మీటర్ల ఎత్తు ఉన్న అల. చిన్నది 75 సెం.మీ. పొడవు, 30 మి.మీ. ఎత్తు, 0.69 సెకన్లు. ఎదురెళ్ళే ఓడకి అలలు తొందరగా తగులుతాయి. 0.643 వేగంలో పెద్ద అల 0.69 సెకన్లకోసారి, చిన్న అల 0.435 సెకన్లకోసారి ముక్కుని కలుస్తాయి. నమూనా సహజ పిచ్ పీరియడ్ సుమారు 0.72 సెకన్లు. పెద్ద అల దాని దగ్గర్లో పడి నమూనాని బాగా ఊపేస్తుంది, చిన్న అలకి నమూనా దాదాపు కదలదు. రెండింటినీ ఎంచుకున్నది ఇందుకే.

అల పుట్టించేది అడుగున కీలు పెట్టిన 12 మి.మీ. ప్లై ఫ్లాప్. సిద్ధాంతం ప్రకారం 62 మి.మీ. అలకి నీటిమట్టం దగ్గర 44 మి.మీ. స్ట్రోక్ చాలు, అంచుల దగ్గర నీళ్ళు జారిపోతాయి కాబట్టి 50 పెట్టాల్సి వచ్చింది. అలలోకి పోయే శక్తి 7-8 వాట్లే. అయినా ఫ్లాప్ వెనకున్న నీళ్ళనీ అటూ ఇటూ తోయాలి గనక 250 వాట్ల గేర్ మోటారు, క్రాంక్ వాడాం. చిన్న మోటారుతో వేగం స్ట్రోక్ మధ్యలో తగ్గి అల ఆకారం చెడుతుంది. 1.13 సెకన్ల పీరియడ్ జోలికి పోకూడదు. అప్పుడు అల పొడవు తొట్టి వెడల్పుకి సమానమై నీళ్ళు అడ్డంగా ఊగడం మొదలుపెడతాయి, ఒకసారి మొదలైతే ఆగవు.

అవతలి చివర 2 మీటర్ల వాలు, దాని మీద కొబ్బరి పీచు చాపలు మూడు వరుసలు. అల ఎత్తు కొలిచే తీగని తొట్టి పొడవునా మెల్లగా జరిపితే గరిష్ఠం 66, కనిష్ఠం 58 మి.మీ. వచ్చాయి. రెండింటి తేడాని మొత్తంతో భాగిస్తే 6.5 శాతం. అంతే అల తిరిగొస్తోందన్నమాట, ఇంత చిన్న తొట్టికి ఇది చాలు. పరుగుకీ పరుగుకీ మధ్య నీళ్ళు నిలకడ అయ్యేదాకా పది నిమిషాలు ఆగాలి.

లాగుడు

మోటారు బండి లేకుండా జారే బరువుతో లాగడమే ఎంచుకున్నాం. కప్పీల అమరిక 4:1, కాబట్టి నమూనా 6 మీటర్లు పోతే బరువు 1.5 మీటర్లు దిగుతుంది. దీనివల్ల ఇంకో మేలుంది. బరువు తాలూకు జడత్వం నమూనాకి పదహారో వంతే తెలుస్తుంది, అలల్లో ముందూ వెనకా ఆడే స్వేచ్ఛ పోదు. తాడు 0.5 మి.మీ. అల్లిన పాలిథిలీన్. గాలం నైలాన్ సాగుతుంది, వద్దు.

ఈ పద్ధతిలో అందరూ తట్టుకునే రాయి ఒకటుంది. 22 కిలోల నమూనాని 0.7 న్యూటన్ల బలంతో లాగితే కావాల్సిన వేగం అందుకోడానికే 20 సెకన్లకి పైగా పడుతుంది. తొట్టి అంత పొడవు లేదు. పరిష్కారం: మొదటి 2 మీటర్ల వరకే పనిచేసే అదనపు బరువు, ఒక కిలో పైచిలుకు. అర మీటరు దిగాక ఒక పలక మీద ఆగి, కొక్కెం ఊడి, లెక్కలోంచి తప్పుకుంటుంది.

ఆ తర్వాత కూడా వేగం స్థిరపడేదాకా ఆగే వీలు లేదు. అందుకని వేగాన్ని కాదు, వేగంలో మార్పుని చూస్తాం. మూడు ఆప్టికల్ గేట్లు (నమూనా దాటిన క్షణాన్ని కాంతితో పట్టేవి), రెండు సమాన దూరాలు. రెండో దూరానికి ఎక్కువ సమయం పడితే 20 గ్రాములు కలపడం, తక్కువ పడితే తీయడం. రెండూ సమానమైన దగ్గర ఉన్న బరువులో నాలుగో వంతు నిరోధం. గేట్ల మధ్య దూరం పూర్తి అలల లెక్కలో ఉండాలి, లేకపోతే ముందూ వెనకల ఊగు ఒక గేటు దగ్గర కలిసొచ్చి ఇంకో గేటు దగ్గర ఎదురై మోసం చేస్తుంది. పెద్ద అలకి 1.78 మీటర్లు (నాలుగు అలలు), చిన్నదానికి 1.68 (ఆరు అలలు).

తేలింది

ముందు కెమెరా. సెకనుకి 240 ఫ్రేములు తీసి 30 చొప్పున చూపిస్తే సరిగ్గా 8 రెట్లు నెమ్మది, అంటే 80 మీటర్ల ఓడ ఎంత నిదానంగా కదులుతుందో అంత. పెద్ద అలలో పాత ముక్కు లేచినప్పుడు బల్బు కింద వెలుతురు కనిపిస్తుంది. దిగేటప్పుడు బల్బు చప్పుడు లేకుండా మునుగుతుంది, ఆ తర్వాత నీళ్ళు ఫ్లేర్‌ని అందుకుంటాయి. రెండు మూడు ఫ్రేముల్లో ముక్కు దిగడం దాదాపు ఆగిపోయి, రెండు పక్కలా తెల్లటి రేకు లేచి బయటికి పడుతుంది. తిరగేసిన ముక్కుతో అలాంటి ఆగడం లేదు. నీళ్ళు స్టెమ్ వెంట నాలుకలాగా పైకి పాకుతాయి, ముక్కు ఇంకొంచెం లోతుకి దిగుతుంది, నిదానంగా తిరిగి లేస్తుంది.

దీనికి కారణం సెక్షన్ ఆకారంలో ఉంది. మునిగే కొద్దీ వెడల్పు ఎంత త్వరగా పెరిగితే దెబ్బ అంత పెద్దది, దిగే వేగం రెట్టింపైతే దెబ్బ నాలుగింతలు. ఫ్లేర్‌లో వెడల్పు ఒక్కసారిగా పెరుగుతుంది. తిరగేసిన ముక్కులో పెరుగుదల పొడవునా పంచుకుపోతుంది.

త్వరణం కొలవడానికి ముక్కు దగ్గర పెట్టిన ఏడీఎక్స్‌ఎల్345 యాక్సిలరోమీటర్ కూడా ఇదే చెప్పింది. రెండు ముక్కులకీ అసలు తరంగం 0.6 జీ దగ్గరే. పాత ముక్కుకి ఆ తరంగం మీద ఒక ముల్లు లేచి ఒక జీ దాకా పోతుంది. తిరగేసినదానికి శిఖరం గుండ్రంగా ఉండిపోతుంది. ముల్లు ఎత్తుని అంకెగా నమ్మే ముందు ముక్కుని వేలితో తట్టి దాని సొంత కంపనం చూడాలి. ప్రింటు చేసిన ముక్కు, బోల్టుల జాయింటు కలిసి మోగితే ఆ మోత కూడా ముల్లులో కలిసిపోతుంది. వడపోతని ఆ పౌనఃపున్యానికి కిందే ఉంచాలి.

పిచ్ కోణం? పెద్ద అలలో రెండింటికీ తేడా కొలత పొరపాటు లోపలే. ఊగదు అన్న మాటకి ఈ తొట్టిలో ఆధారం దొరకలేదు, దొరుకుతుందని అనుకోనూ లేదు.

నిరోధం విషయంలో పెద్ద అలకి రెండు ముక్కులకీ నిశ్చల జలాల బరువు మీద కిలోకి పైగా కలపాల్సి వచ్చింది, తేడా చెప్పుకోదగ్గది కాదు. అక్కడ నిరోధం ఊపు నుంచి వస్తుంది, ఊపు మారనప్పుడు అదీ మారదు. చిన్న అలలో కథ వేరు. నమూనా కదలకుండా అలని ఎదురుకొట్టి వెనక్కి పంపుతుంది, కాబట్టి నీటిమట్టం దగ్గర ముక్కు ఎంత మొద్దుగా ఉందన్నది లెక్కకొస్తుంది. పాత ముక్కుకి అదనం 140 గ్రాములు, తిరగేసినదానికి 100. 40 గ్రాములంటే తాడులో 0.1 న్యూటన్, ఓడకి 26 కిలోన్యూటన్లు, 10 నాట్ల దగ్గర 135 కిలోవాట్ల పైచిలుకు. అయితే మన తూకం మెట్టు 20 గ్రాములు, తేడా రెండు మెట్లే. దిశని నమ్మొచ్చు, శాతాలు వేయకూడదు. ఈ లాభం కూడా ముక్కు వెనక్కి వాలినందుకు కాదు, ప్రవేశ కోణం 32 నుంచి 20కి తగ్గినందుకు. ఫ్లేర్ ఉంచి, నీటిమట్టం దగ్గర మాత్రం సన్నబరిచినా ఇందులో చాలావరకు రావాలి.

తుంపరల గురించి ఏ ముక్కుకీ మార్కులు వేయడం లేదు. తలతన్యత స్కేలుతో పాటు తగ్గదు గనక నమూనాలో నీటి చుక్కలు గోళీలంత లావున కనిపిస్తాయి, గాలికి చెదరవు.

నిలువు ముక్కు

దెబ్బ విషయంలో ఇది తిరగేసినదానికి దగ్గరగానే ఉంది. డెక్ మీదికి నీళ్ళ విషయంలో మాత్రం పూర్తిగా ఓడిపోయింది. పెద్ద అలలో దాదాపు ప్రతి దిగుడికీ ముందరి డెక్ మునిగింది. ఫ్లేర్ దెబ్బ తింటుంది నిజమే, కానీ ఆ దెబ్బతోనే ముక్కుని ఆపి, నీళ్ళని బయటికి తోస్తుంది. దాన్ని తీసేస్తే బదులుగా ఎత్తూ, పైన మూసిన ఆకారమూ ఇవ్వాలి. తిరగేసిన ముక్కులో ఆ గోడ వీల్‌హౌస్ దాకా లేవడం అందం కోసం కాదు.

డెక్ నీళ్ళని కొలవడానికి ఇప్పుడు డెక్ మీద 15 మి.మీ. అంచు గట్టు, మధ్యలో గరాటు, 12 మి.మీ. గొట్టం, హల్‌లోపల సీసా పెడుతున్నాం. సీసా గురుత్వ కేంద్రం దగ్గరే ఉండాలి, ముందుంటే నీళ్ళు చేరే కొద్దీ ముక్కు బరువెక్కి తర్వాతి అలకి ఇంకా ఎక్కువ నీళ్ళు వస్తాయి. 200 మి.లీ. దాటితే పరుగు ఆపి మళ్ళీ మొదలుపెట్టడమే. ఆ తర్వాత నిలువు ముక్కు డెక్‌ని 30 మి.మీ. చొప్పున ఎత్తే తొడుగులు మూడు ప్రింటు చేయాలి. ఒక్కో తొడుగు ఎక్కించినప్పుడు లోపలి సీసం తీసి ముక్కు బరువు 1,650 దగ్గరే నిలపాలి, తాళ్ళ మీద 44.3 సెకన్లు వస్తున్నాయో లేదో చూడాలి.